ఛాతీలో ప్రతి చప్పుడూ కఫం కాదు

(చేతిలో బెలూన్‌తో)

బెంగళూరులో చలి మొదలైందంటే చాలు, మారతహళ్లి పీజీల్లో ఉండే మనవాళ్ల నుంచి ఒకటే ప్రశ్న: "గట్టిగా ఊపిరి పీలిస్తే ఛాతీలో చప్పుడొస్తోంది, కఫం పట్టినట్టుంది, ఏ సిరప్ తాగాలి?" ఆ చప్పుడు పీల్చేటప్పుడా, వదిలేటప్పుడా అన్నది ఎవరూ చెప్పరు. నాకు బాధ అక్కడే. అసలు సంగతంతా అందులోనే ఉంది.

బెలూన్ మూతిని రెండు పక్కలకీ లాగి గాలి వదులుతున్నా, వినండి. కీచుమంది కదా? లోపల చుక్క నీళ్లు లేవు. ఇరుకు సందులోంచి గాలి దూసుకొస్తుంటే రబ్బరు అంచులు అదిరాయి. పిల్లికూతలు పుట్టేదీ ఇలాగే. ఉబ్బసంలో శ్వాసనాళాల చుట్టూ కండరం బిగుసుకుంటుంది, లోపలి పొర వాస్తుంది. ఊపిరి వదిలేటప్పుడు నాళాలు ఇంకాస్త సన్నబడతాయి కాబట్టి కూత అప్పుడే ఎక్కువ. దీనికి దగ్గు మందు ఏం చేస్తుంది? డాక్టరు రాసిచ్చే ఇన్‌హేలర్ కావాలి. అది అలవాటైపోతుందని భయపెట్టేవాళ్ల మాట దయచేసి నమ్మకండి.

ఇప్పుడు మూతి పూర్తిగా నొక్కేశా. చప్పుడు లేదు. నయమైనట్టా? గాలే కదలడం లేదు! ఉబ్బసం ముదిరినప్పుడు కూత ఆగిపోయి, ఆయాసం మాత్రం తగ్గకపోతే అది చాలా ప్రమాదం. వెంటనే 108కి ఫోన్ చేయండి.

ఈ రెండో బెలూన్ లోపల తడి. గోడలు అతుక్కున్నాయి. ఊదుతుంటే టప్ టప్‌మని విడిపోతున్నాయి. పీల్చేటప్పుడు వచ్చే చిటపటలు ఇవే, మూసుకున్న చిన్న నాళాలు ఒక్కసారిగా తెరుచుకోవడం. ఎక్కువసేపు పడుకుని లేచాక వచ్చి, నాలుగుసార్లు గాఢంగా పీలిస్తే పోయేవైతే కంగారు అక్కర్లేదు. పోకపోతే న్యుమోనియా కావచ్చు, గుండె బలహీనపడి ఊపిరితిత్తుల్లో నీరు చేరడం కావచ్చు, ఊపిరితిత్తులు మచ్చకట్టి గట్టిపడే ఫైబ్రోసిస్ కావచ్చు. ఈ చిటపటలు చాలావరకు స్టెతస్కోప్‌కే వినిపిస్తాయి. 1816లో పారిస్‌లో లెనెక్ అనే డాక్టరు కాగితాన్ని గొట్టంలా చుట్టి ఛాతీకి ఆనించి విన్నాడు, ఆ పరికరం అలా మొదలైంది. ఎంత గొప్ప ఆలోచనో!

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తా. గురగుర వచ్చి, దగ్గితే తగ్గిందా? అది కఫమే. రెండు బెలూన్లు రాసుకున్నట్టు కరకర, పీల్చినప్పుడల్లా పొడిచినట్టు నొప్పి ఉంటే ఊపిరితిత్తుల పైపొర వాచి ఉండొచ్చు, చూపించుకోండి. ఒళ్లు విరుచుకుంటే రొమ్ము ఎముక దగ్గర టక్‌మంటే అది సాధారణంగా కీలు చప్పుడే. చిన్నపిల్లలు తింటూ తింటూ ఉన్నట్టుండి పీల్చేటప్పుడు గొంతులో కూత పెడితే ఏదో అడ్డం పడి ఉండొచ్చు, అప్పుడు క్షణం ఆగకండి. పెదాలు నీలంగా మారినా, ఆయాసంతో ఒక వాక్యం పూర్తిచేయలేకపోయినా నేరుగా ఎమర్జెన్సీకే.

డాక్టరు దగ్గరికి వెళ్లేసరికి చప్పుడు ఆగిపోతుందేమోనని అనుమానమా? వచ్చినప్పుడే ఫోన్‌లో రికార్డ్ చేసి పట్టుకెళ్లండి.