టాపింగ్‌తో ఎంత తగ్గుతుంది, ఎక్కడ ఆగుతుంది?

(బ్యాంకు ఉద్యోగుల సమావేశంలో ఒక కౌన్సెలింగ్ సైకాలజిస్టు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. ఇయర్ క్లోజింగ్ దగ్గరపడుతున్న రోజుల్లో, ఉన్న ఒక్క ఆదివారాన్నీ పక్కనపెట్టి వచ్చారు. అందుకే సూటిగా విషయంలోకి వెళ్తాను.

టాపింగ్ గురించి మీలో చాలామంది ఫోన్లలో చూసే ఉంటారు. ముఖం మీదా ఛాతీ మీదా వేళ్లతో తడుతూ, పైకి ఏవో మాటలు అనుకుంటూ ఉంటారు. పది నిమిషాల్లో భయం మాయం, జన్మలో టెన్షన్ రాదు అని పైన పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది. నా దగ్గరికి వచ్చేవాళ్లతో నేనూ టాపింగ్ చేయిస్తాను. దాని మేలు కళ్లారా చూశాను కాబట్టే, ఆ పెద్ద అక్షరాలు చూస్తే నాకు బాధ కలుగుతుంది. అంత ఆశపడి చేసినవాళ్లు, అంత జరగకపోయేసరికి తమలోనే ఏదో లోపం ఉందనుకుంటారు.

టాపింగ్ చేస్తే చాలామందికి అప్పటికప్పుడు ఒళ్లు కాస్త వదులవుతుంది, గుండె దడ తగ్గుతుంది, ఆలోచన కొంచెం నిదానిస్తుంది. టెన్షన్ పెట్టే పరిస్థితి మాత్రం ఎక్కడికీ పోదు. టార్గెట్లు అలాగే ఉంటాయి, ట్రాన్స్‌ఫర్ ఆర్డరు అలాగే ఉంటుంది. వాటి సంగతి చూసుకోవడానికి కాస్త తేలికైన బుర్ర దొరుకుతుంది. ఇంత దొరికితే నా దృష్టిలో అది చిన్న విషయమేమీ కాదు.

ఇది ఎక్కడిదో రెండు మాటల్లో చెప్తాను. అమెరికాలో రోజర్ కాలహన్ అనే సైకాలజిస్టు, నీళ్లంటే విపరీతంగా భయపడే ఒక మహిళకు కంటి కింద వేళ్లతో తట్టించి చూశారు. భయం పోయిందని ఆయన రాసుకున్నారు. చైనా ఆక్యుపంక్చర్‌లో చెప్పే శక్తి నాడుల మీద తట్టడం వల్లే అలా జరిగిందని ఆయన నమ్మకం. 1980లలో దాన్ని ఒక పద్ధతిగా మలిచారు. ఒక్కో సమస్యకు ఒక్కో వరుసలో తట్టాలనేవారు. ఆయన దగ్గర నేర్చుకున్న గ్యారీ క్రెయిగ్ స్టాన్‌ఫర్డ్‌లో చదివిన ఇంజినీరు. అన్ని సమస్యలకూ ఒకే వరుస చాలని 1990లలో దాన్ని సులువు చేశారు. ఈఎఫ్‌టీ, అంటే ఎమోషనల్ ఫ్రీడమ్ టెక్నిక్స్ అని మీరు వింటున్నది అదే.

ఇక చేసి చూద్దాం. కళ్లజోడు, వాచీ తీసి పక్కన పెట్టండి. ఇప్పుడు మిమ్మల్ని ఇబ్బంది పెడుతున్న ఒక చిన్న విషయం తీసుకోండి. జీవితంలో అన్నిటికంటే పెద్ద దెబ్బను ఇక్కడ, ఇంతమందిలో తీసుకోవద్దు. రేపు చేయాల్సిన ఒక ఫోన్ కాల్ లాంటిది చాలు. అది తలచుకుంటే ఎంత ఇబ్బందిగా ఉందో సున్నా నుంచి పది లోపు ఒక అంకె కాగితం మీద వేసుకోండి.

ఒక చేతి చిటికెన వేలి కింద, అరచేతి అంచు ఉంది కదా, అక్కడ రెండో చేతి వేళ్లతో తడుతూ, ఉన్న మాట ఉన్నట్టు మూడుసార్లు అనుకోండి. 'ఆ ఫోన్ చేయాలంటే నాకు గుండెల్లో దడగా ఉంది. అయినా సరే, నన్ను నేను కాదనుకోను.' మీ మాట మీ ఇంటి మాటలాగే ఉండనివ్వండి. పుస్తకాల భాష అక్కర్లేదు.

ఇప్పుడు చూపుడు వేలు, మధ్య వేలు కలిపి, ఒక్కో చోట ఆరేడుసార్లు మెల్లగా తట్టండి. ముక్కు పక్కన కనుబొమ్మ మొదలయ్యే చోట. కంటి కొసన ఎముక మీద. కంటి కింద ఎముక మీద. ముక్కుకీ పైపెదవికీ మధ్య. కింది పెదవికీ గడ్డానికీ మధ్య ఉన్న గుంటలో. మెడ కింద కాలర్ బోన్ మొదలయ్యే చోటికి కొంచెం దిగువన. చంకకు బెత్తెడు కిందుగా పక్కటెముకల మీద. చివరికి నడినెత్తిన. తడుతున్నంతసేపూ 'ఆ ఫోన్, ఈ దడ' అని ఆ విషయాన్నే పట్టుకుని ఉండండి. నొప్పి పుట్టేలా కొట్టొద్దు. పూర్తయ్యాక ఒక్కసారి నిండా ఊపిరి తీసుకుని వదలండి. మళ్లీ అంకె వేసుకోండి.

ఆవలింతలు వస్తున్నాయా? వస్తాయి. నిట్టూర్పులు వస్తాయి, కొందరికి కళ్లలో నీళ్లు తిరుగుతాయి. కొందరికి ఏమీ అనిపించదు, అదీ మామూలే. అంకె పెరిగినవాళ్లు కంగారుపడకండి. రోజంతా పక్కకు తోసేస్తున్న విషయాన్ని ఎదురుగా కూర్చోబెట్టుకున్నారు, మొదట్లో అది పెద్దదిగానే కనిపిస్తుంది. ఇంకో రెండు రౌండ్లు చేస్తే చాలావరకు దిగుతుంది. దిగకపోగా ఊపిరాడనట్టు, పాత సంఘటన కళ్లముందు మళ్లీ జరుగుతున్నట్టు అనిపిస్తే ఆపేయండి. పాదాలు నేలకు ఆనించి, చుట్టూ ఉన్న వస్తువులు చూస్తూ కూర్చోండి.

ఇంట్లో చేసుకునేవాళ్లు ఎక్కువగా ఎక్కడ ఆగిపోతారో ఒక ఉదాహరణ చెప్తాను. మనిషి ఎవరో తెలియకుండా వివరాలు కొన్ని మార్చాను. ఆవిడ క్యాషియర్. 'ఆఫీసు టెన్షన్' అన్నారు, ఎనిమిది వేశారు. మూడు రౌండ్లు చేయించాను. ఎనిమిది ఎనిమిదిలాగే ఉంది. టెన్షన్ ఎప్పుడు ఎక్కువవుతుందమ్మా అని అడిగాను. సాయంత్రం కౌంటర్ మూసి క్యాష్ టాలీ చేసేటప్పుడు అన్నారు. కట్టలు లెక్కపెడుతుంటే చేతులు చల్లబడతాయి, పొట్టలో ఏదో బిగుసుకుంటుంది. ఆరు నెలల కిందట ఒకరోజు క్యాష్ తగ్గింది, జేబులోంచి కట్టారు. షార్టేజీ వస్తే ఎవరు కట్టాలో మీకు నేను చెప్పక్కర్లేదు.

సరే, 'క్యాష్ తగ్గుతుందేమోనని చేతులు చల్లబడుతున్నాయి. అయినా సరే, నా మీద నాకు కోపం లేదు' అనమన్నాను. సగం అని ఆగిపోయారు. 'కోపం ఉందండీ' అన్నారు. 'ఇంత సర్వీసు ఉండి ఎలా పోగొట్టుకున్నాను?' అని ఏడ్చారు. ఆఫీసు టెన్షన్ అనే పెద్ద మూట విప్పితే లోపల ఉన్నది అది. అప్పుడు ఆ కోపం మీదే తట్టాం. కోపంగా ఉంది, సిగ్గుగా ఉంది, ఇంట్లో చెప్పలేకపోయాను అంటూ, ఆవిడ నోటికి ఏది వస్తే అది. అంకె నాలుగుకు వచ్చింది. సున్నాకు రాలేదు. నాలుగు దగ్గర ఆవిడకు ఇంకో విషయం గుర్తొచ్చింది. ఆ కౌంటర్‌లో నోట్లు లెక్కపెట్టే మెషిన్ అప్పుడప్పుడూ రెండు నోట్లు కలిపి లాగేస్తోందట. తప్పంతా తనదేనన్న బాధలో ఆ మాట ఎవరితోనూ అనలేదు. మర్నాడు లిఖితపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చారు, మెషిన్ మార్చారు. ఇప్పటికీ టాలీకి ముందు రెండు నిమిషాలు పక్కకు వెళ్లి ఒక రౌండు చేసుకుంటానని చెప్పారు.

అందుకని టెన్షన్ అనే ఒక్క మాట మీద గంటసేపు తట్టొద్దు. ఎప్పుడు, ఎక్కడ, ఎవరి ముందు, ఒంట్లో ఏ భాగంలో అని విడగొట్టండి. ఒకటి తగ్గాక దాని వెనక ఇంకొకటి వస్తుంది. అది పద్ధతి పనిచేయకపోవడం కాదు. విషయం తెరుచుకుంటోందన్నమాట.

శాస్త్రం ఏమంటుందని మీలో కొందరికి ఉంటుంది, ఉండాలి కూడా. 2012లో డాసన్ చర్చ్, ఆయన సహచరులు 83 మందిని మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకు ఒక గంట టాపింగ్, ఇంకో గుంపుకు ఒక గంట కౌన్సెలింగ్ లాంటి మాటలు, మూడో గుంపుకు ఉత్త విశ్రాంతి. కార్టిసాల్ అనే స్ట్రెస్ హార్మోను టాపింగ్ గుంపులో సగటున 24 శాతం తగ్గింది. మిగతా రెండు గుంపుల్లో 14 శాతం దాకా తగ్గింది. గమనించండి, ఊరికే కూర్చున్నవాళ్లకూ తగ్గింది. చర్చ్ స్వయంగా టాపింగ్ శిక్షణ ఇచ్చే మనిషి అన్నది కూడా గుర్తుపెట్టుకోవాలి. 2020లో ఆస్ట్రేలియాలో పీటా స్టేపుల్టన్ బృందం మళ్లీ చేస్తే 43 శాతం తగ్గుదల కనిపించింది. ఆవిడా టాపింగ్ నేర్పేవారే, అక్కడా పాల్గొన్నవాళ్లు తక్కువే.

నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది 2003లో కెనడాలో వేయిట్, హోల్డర్ అనే ఇద్దరు 119 మంది విద్యార్థులతో చేసిన అధ్యయనం. కొందరు ఈఎఫ్‌టీలో చెప్పే అసలైన చోట్ల, అంటే బిందువుల మీద తట్టారు, కొందరు బిందువులు కాని చోట్ల తట్టారు, కొందరైతే ఒక బొమ్మను తట్టారు. మూడు గుంపులకూ భయం దాదాపు ఒకేలా తగ్గింది. ఏమీ తట్టని గుంపుకు తగ్గలేదు.

బొమ్మను తట్టినా తగ్గిందంటే, శక్తి నాడుల కథను నేను నమ్మలేను. నాకు అర్థమైనంతవరకు, భయపడే విషయం నుంచి పారిపోకుండా కాసేపు దాన్ని పేరు పెట్టి పిలవడం, అదే సమయంలో చేతులకూ ఒంటికీ ఒక నిదానమైన పని ఇవ్వడం, తనను తాను తిట్టుకోవడం ఆపడం, ఇవి కలిసి పనిచేస్తున్నాయి. దీనివల్ల మీకో లాభం ఉంది. బిందువు అరంగుళం అటో ఇటో పడిందని, వరుస తప్పిందని బెంగ అక్కర్లేదు.

టాపింగ్ చేయకూడని చోట్లు కూడా చెప్పాలి. ఛాతీలో బరువు, ఎడమ చేతిలోకి నొప్పి, చెమటలు ఉంటే అది టెన్షనేనని మీరే తేల్చుకుని తడుతూ కూర్చోకండి, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. బీపీ మాత్రలు, సైకియాట్రిస్టు ఇచ్చిన మాత్రలు మనసు తేలికైందని మానేయొద్దు. చిన్నప్పటి లైంగిక వేధింపు, ఘోర ప్రమాదం, దగ్గరివాళ్ల ఆత్మహత్య లాంటివి ఒంటరిగా తవ్వుకోవద్దు, శిక్షణ ఉన్న మనిషి పక్కన ఉండాలి. రెండు వారాలు దాటాక కూడా నిద్ర పట్టకపోయినా, దేని మీదా మనసు లేకపోయినా డాక్టరును కలవండి. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే ఒక్క రోజు కూడా ఆగొద్దు. టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ నంబరు 14416. ప్రభుత్వానిది, ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. ఇప్పుడే ఫోన్లో సేవ్ చేసుకోండి, నేను ఆగుతాను.

డబ్బు సంగతి. టాపింగ్ నేర్చుకోవడానికి మీరు ఇప్పుడు చేసింది చాలు. ఎవరి దగ్గరికైనా వెళ్లాలనుకుంటే, సైకాలజీలోనో సైకియాట్రీలోనో వాళ్ల చదువేమిటో అడగండి. ఈఎఫ్‌టీ సర్టిఫికెట్ ఒక్కటే ఉంటే చాలదు. తగ్గకపోతే ఏం చేస్తారో అడగండి. 'మా దగ్గర తగ్గకపోవడమంటూ ఉండదు' అంటే లేచి వచ్చేయండి. క్యాన్సరు, షుగరు కూడా దీంతో నయం చేస్తామంటే ఇంకా త్వరగా వచ్చేయండి.

ఇక మీ ప్రశ్నలు. అంకె తగ్గనివాళ్లు, పెరిగినవాళ్లు ముందు అడగండి. అందరి ముందు మాట్లాడటం ఇష్టం లేకపోతే చీటీ మీద రాసి పంపండి, పేరు రాయక్కర్లేదు.