చూరు దగ్గర కనబడే గడ్డి మందం

మిత్రులందరికీ నమస్కారం. బల్ల మీద ఉన్న ఈ చిన్న ఇల్లు 1640ల నాటి ఇంగ్లండు పల్లెది. రాజు సైన్యానికీ పార్లమెంటు సైన్యానికీ జరిగిన అంతర్యుద్ధాన్ని మేం బొమ్మలతో ఆడతాం. ఆ ఆటలో సైనికులు దూరి కాపు కాసే ఇల్లు ఇది. మా బొమ్మ పాదం నుంచి కంటి దాకా 28 మిల్లీమీటర్లు, అంటే దాదాపు అసలు మనిషిలో 56వ వంతు.

గోడల గురించి ఎక్కువ చెప్పను. కర్ర చట్రం, మధ్యలో దడి, దాని మీద మట్టి మెత్తు. కర్రలకు మాత్రం నల్లరంగు వేయకండి. ఆ నలుపు చాలావరకు 19వ శతాబ్దంలో వచ్చిన అలవాటు. ఎండకూ వానకూ ఓక్ కర్ర వెండిలా నెరుస్తుంది.

నాకు ప్రాణం కప్పు మీదే. ఆడేవాళ్లం పైనుంచి చూస్తాం కాబట్టి ముందు కనబడేది అదే. గడ్డి కప్పు మీద పడ్డ చినుకు లోపలికి దిగేలోపే పుల్ల మీంచి పుల్ల మీదికి జారి చూరు దాటిపోవాలి. అందుకే అక్కడ వాలు మామూలుగా 45 డిగ్రీలకు పైనే ఉంటుంది. గడ్డి మందం ఒక అడుగు దాకా వస్తుంది. అడుగును 56తో భాగిస్తే మనకు ఐదున్నర మిల్లీమీటర్లు. నా మొదటి ఇంటికి అట్ట మీద పల్చగా పీచు అంటించాను. చూరు దగ్గర అట్ట అంచు బయటపడింది. ఎన్ని రంగులు వేసినా అది గడ్డిల్లు అనిపించలేదు. కప్పంతా పీకేసి మళ్లీ చేశాను.

ఇప్పుడు అట్ట మీద ముందు ఫోమ్ ముక్క వేసి మందం తెస్తాను. జనపనార తాడు పురి విప్పి, రెండు సెంటీమీటర్ల ముక్కలు కోసి, ఫెవికాల్‌తో చూరు నుంచి మొదలుపెట్టి అంటిస్తాను. పై వరుస కింది వరుసలో సగాన్ని కప్పాలి. మన ఊళ్లలో రెల్లుగడ్డి కప్పేవాళ్లు కూడా చూరు దగ్గర మొదలుపెట్టి కొప్పు దాకా వెళ్తారు. నీళ్లు పారే దారి ఎక్కడైనా ఒకటే కదా. జిగురు సగం ఆరాక పాత టూత్‌బ్రష్‌తో జుట్టు చిక్కు తీసినట్టు కిందికి దువ్వాలి. అప్పుడు పీచులన్నీ ఒకే వైపు పడుకుంటాయి. పూర్తిగా ఆరాక చూరును కత్తెరతో తెగ్గోస్తే లోపలి మందం కనబడుతుంది. నాకు అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం అదే.

స్ప్రే పెయింట్ జోలికి వెళ్లకండి, అందులోని ద్రావకానికి ఫోమ్ కరిగిపోతుంది. బ్రష్‌తో ముదురు గోధుమరంగు వేసి, ఆరాక దాదాపు పొడిగా ఉన్న బ్రష్‌తో లేత బూడిదరంగు పైపైన రుద్దండి. పసుపు వద్దు, బంగారు రంగు కొత్త గడ్డికే ఉంటుంది.

కప్పు విడిగా వస్తుంది, లోపల ముగ్గురు తుపాకీ సైనికులున్నారు. ఇల్లు అందరి చేతుల్లోకీ వెళ్లనివ్వండి. ఎత్తేటప్పుడు చూరు కింద వేళ్లు పెట్టండి, కొప్పు మాత్రం ముట్టుకోకండి. అక్కడి చివరి వరుస రాత్రే అంటించాను, ఇంకా పచ్చిగానే ఉంది.