ఎమ్మెల్యే పెసరట్టు మీద కాపీరైట్ ఉంటుందా? గూగుల్, ఒరాకిల్ జావా గొడవ

"ఏపీఐల మీద కాపీరైట్ లేదని అమెరికా సుప్రీంకోర్టు తేల్చేసింది కదా భయ్యా!"

ఏపీఐ అంటే ఒక సాఫ్ట్‌వేర్‌ని వేరే ప్రోగ్రామ్ ఏ పేర్లతో, ఎలా అడగాలో చెప్పే జాబితా. ఆండ్రాయిడ్ కోసం జావా ఏపీఐని కాపీ చేసిందని గూగుల్ మీద ఒరాకిల్ కేసు వేసింది. ఆ కేసు తీర్పు గురించే ఈ మాట, నాకు ఎక్కడ పడితే అక్కడ తగులుతోంది. ఇంటర్వ్యూ టిప్స్ చెప్పేవాళ్ల నోట, ఆఫీసులో టీ దగ్గర సీనియర్ల నోట, ఆఖరికి అమీర్‌పేట కోర్ జావా బ్యాచుల్లో కూడా. తేల్చలేదండీ బాబూ. ఆ ప్రశ్నకు కోర్టు అసలు జవాబే చెప్పలేదు. దాన్ని పక్కకు జరిపి, వేరే దారిలో కేసు ముగించింది. ఇంకో బ్యాచ్ ఉంది, వాళ్లది రెండో పాట: "గూగుల్ జావాని కొట్టేసి తప్పించుకుంది" అని. అదీ కాదు. రెండూ వినీ వినీ విసుగొచ్చి ఈ వీడియో చేస్తున్నాను.

జావా అంటే ఏంటి, క్లాస్ అంటే ఏంటి అని మొదలుపెట్టను. ఈ ఛానెల్ చూసేవాళ్లలో సగం మంది పబ్లిక్ స్టాటిక్ వాయిడ్ మెయిన్ అని నిద్రలో కూడా టైప్ చేస్తారు. నేరుగా గొడవలోకి వెళ్దాం. కానీ ముందు టిఫిన్.

[స్క్రీన్ మీద: ఉప్మా పెట్టి మడిచిన పెసరట్టు, పక్కన అల్లం పచ్చడి]

హోటల్లో కూర్చున్నారు. సర్వర్‌తో "ఎమ్మెల్యే పెసరట్టు ఒకటి, ఉల్లి వద్దు, అల్లం బాగా దట్టించమను" అన్నారు. ఆయన లోపలికి ఒక కేక వేశాడు. కాసేపటికి ప్లేటు వచ్చింది. పెసలు ఎన్ని గంటలు నానాయి, రుబ్బేటప్పుడు గుప్పెడు బియ్యం వేశారా లేదా, మీకు అనవసరం. ఏ పేరుతో అడగాలి, ఏమేం చెప్పొచ్చు, చివరికి ప్లేట్లో ఏం వస్తుంది. ఈ మూడూ తెలిస్తే చాలు.

ఇప్పుడు జావాలో ఒక లైను చూడండి.

[స్క్రీన్ మీద: పబ్లిక్ స్టాటిక్ ఇంట్ మ్యాక్స్, ఇంట్ ఏ, ఇంట్ బి]

పేరు మ్యాక్స్. ఇచ్చేది రెండు అంకెలు. తిరిగొచ్చేది వాటిలో పెద్దది. ఇది డిక్లరేషన్, అంటే మెనూలో ఉండే లైను. దాని కింద బ్రాకెట్ల మధ్య రాసేదే ఇంప్లిమెంటేషన్, అంటే వంటిల్లు. ఈ మ్యాక్స్ ఉదాహరణ నేను కల్పించింది కాదు, సుప్రీంకోర్టు తీర్పులోనే ఉంది. పెసరట్టు మాత్రం నాది.

ఆండ్రాయిడ్ కోసం గూగుల్ తీసుకున్నది ఈ మెనూ లైన్లు. 37 ప్యాకేజీల నుంచి, అంటే మెనూలో 37 విభాగాల నుంచి, సుమారు 11,500 లైన్లు. మొత్తం జావా ఏపీఐ 28.6 లక్షల లైన్లు అనుకుంటే, అందులో 0.4 శాతం. ఆ పేర్ల వెనకున్న వంట మాత్రం జావాని తయారుచేసిన సన్ కంపెనీది కాదు. కొంత గూగుల్ రాసుకుంది, చాలా మటుకు అపాచీ హార్మనీ అనే ఓపెన్ సోర్స్ (కోడ్ అందరికీ తెరిచి ఉంచే) ప్రాజెక్టు నుంచి తెచ్చుకుంది.

మరి సొంత మెనూ పెట్టుకోవచ్చుగా? పెసరట్టుని "పచ్చట్టు స్పెషల్" అని పిలవొచ్చుగా? పిలవొచ్చు. కానీ ఊళ్లో తినేవాళ్లంతా ఎమ్మెల్యే పెసరట్టు అని అడగడానికి అలవాటు పడిపోయారు. 2005లో గూగుల్ ఆండ్రాయిడ్ కంపెనీని కొన్నప్పటికే ప్రపంచమంతా జావా వచ్చినవాళ్లు ఉన్నారు. మన దగ్గరే చూడండి, డిగ్రీ అయిపోగానే బ్యాగు సర్దుకుని హైదరాబాద్ వచ్చి, హాస్టల్లో ఉండి కోర్ జావా నేర్చుకున్న తరం ఒకటుంది. వాళ్లందరినీ మళ్లీ కొత్త పేర్లు నేర్చుకోమంటే యాప్‌లు ఎవరు రాస్తారు? అసలు విలువ ఆ 11,500 లైన్లలో ఉందా, వాటిని నేర్చుకున్న బుర్రల్లో ఉందా? కేసంతా తిరిగి తిరిగి ఇక్కడికే వచ్చింది.

ఇప్పుడు వ్యాపారం సంగతి. ఇది తెలియకుండా తీర్పు చదివితే ఏమీ అర్థం కాదు.

నోకియా ఫోన్లో జార్ ఫైలు ఎక్కించి గేమ్స్ ఆడారు కదా? అది జావా ఎంఈ, అంటే చిన్న ఫోన్ల కోసం చేసిన జావా. ఫోన్లలో దాన్ని పెట్టుకునే కంపెనీలు సన్‌కి లైసెన్స్ డబ్బు కట్టేవి. 2006 నవంబర్లో సన్ "జావా ఇక ఓపెన్ సోర్స్" అని ప్రకటించింది. అందరూ చప్పట్లు కొట్టారు. కానీ ఫోన్ల దగ్గరకొచ్చేసరికి సన్ చెయ్యి బిగించింది. ఎవరైనా సొంతంగా జావా తయారుచేసి "ఇదీ అసలు జావాయే" అని చెప్పుకోవాలంటే సన్ పెట్టిన పరీక్ష పాసవ్వాలి. అపాచీ వాళ్లు అడిగితే ఆ పరీక్ష కిట్‌కి షరతులు తగిలించింది: మీ జావాని ఫలానా చోట వాడకూడదు అని. 2007లో అపాచీ బహిరంగ లేఖ రాసింది. పని జరగలేదు. 2010 డిసెంబర్లో జావా కమిటీ నుంచే బయటికి నడిచింది. ఓపెన్ అనే బోర్డు పెట్టి తలుపు సగమే తెరిచారన్నమాట. ఈ విషయంలో సన్ మీద నాకు జాలి లేదు.

గూగుల్ కూడా సన్‌తో బేరమాడింది. కుదరలేదు. అప్పుడు ఇంకో దారి పట్టింది. డాన్ బోర్న్‌స్టీన్ అనే ఇంజినీరు డాల్విక్ అని వేరే వర్చువల్ మెషీన్, అంటే ప్రోగ్రామ్‌లను నడిపే సాఫ్ట్‌వేర్, రాశాడు. ఐస్‌లాండ్‌లో ఓ ఊరి పేరు అది. జావాలో రాసిన ప్రోగ్రామ్ అక్కడ డాల్విక్ బైట్‌కోడ్‌గా మారి నడిచేది. "ఇది జావా" అని గూగుల్ చెప్పుకోలేదు కాబట్టి పరీక్ష అక్కర్లేదు. 2007 నవంబర్లో ఆండ్రాయిడ్ ప్రకటన రాగానే సన్ సీఈఓ జోనథన్ స్వార్ట్జ్ తన బ్లాగులో అభినందనలు కూడా రాశాడు. లోపల ఏమనుకున్నాడో గానీ, పైకి అభినందనలే.

తర్వాత సన్ చితికిపోయింది. 2009లో ఒరాకిల్ సుమారు 740 కోట్ల డాలర్లకు బేరం కుదుర్చుకుంది, 2010 జనవరికి సన్ ఒరాకిల్ చేతికి వచ్చింది. అదే ఆగస్టులో గూగుల్ మీద కేసు. మన భాషలో చెప్పాలంటే పాత హోటల్‌ని కొత్త ఓనరు కొన్నాడు, ఎదురు హోటల్ బోర్డు చూశాడు, నేరుగా కోర్టుకెళ్లాడు.

విచారణలో ఒక సీన్ నాకు భలే ఇష్టం. 2012లో సన్ మాజీ సీఈఓలు ఇద్దరూ సాక్షులుగా వచ్చారు. స్వార్ట్జ్ చెప్పింది గూగుల్‌కి పనికొచ్చింది. స్కాట్ మెక్‌నీలీ చెప్పింది ఒరాకిల్‌కి పనికొచ్చింది. ఒకే కుర్చీలో కూర్చున్న ఇద్దరు, ఒకే విషయం మీద, చెరో వైపు!

గూగుల్‌ని బాగా ఇరుకున పెట్టింది మాత్రం ఒక ఈమెయిల్. కేసు పడడానికి కొద్ది రోజుల ముందు టిమ్ లిండ్‌హోమ్ అనే గూగుల్ ఇంజినీరు రాసింది. జావాకి ప్రత్యామ్నాయాలన్నీ చూశాం, ఏవీ బాగాలేవు, మనకు కావలసిన షరతుల మీద జావా లైసెన్స్ కోసం మాట్లాడుకోవాలి అని సారాంశం. అది లాయర్లకు రాసిన రహస్య లేఖ అని గూగుల్ వాదించింది. కానీ టైప్ చేస్తుండగా ఆటోసేవ్ అయిన డ్రాఫ్టుల్లో లాయర్ పేరు లేదు. ఒరాకిల్ చేతికి ముందు వెళ్లినవి అవే. ఆటోసేవ్ ఎంత పని చేసిందో చూడండి!

జడ్జి విలియం ఆల్సప్‌కి ప్రోగ్రామింగ్ అలవాటుంది. రేంజ్‌చెక్ అని తొమ్మిది లైన్ల ఫంక్షన్ ఒకటి అచ్చంగా కాపీ అయిందని ఒరాకిల్ లాయర్లు పెద్ద గోల చేస్తే, అలాంటివి నేనే వందసార్లు రాసుంటానని కోర్టులోనే అన్నాడు. ఈ డిక్లరేషన్లకు కాపీరైట్ వర్తించదని 2012లో తీర్పిచ్చాడు. పైన చెప్పిన "కాపీరైట్ లేదు" అనే మాట నిజమైంది ఇక్కడే. నిలిచింది మాత్రం రెండేళ్లు.

ఎందుకు నిలవలేదో చూడండి, దీని గురించి ఎవరూ మాట్లాడరు. శాన్‌ఫ్రాన్సిస్కో కాపీరైట్ కేసు అప్పీలుకి వెళ్తే మామూలుగా తొమ్మిదో సర్క్యూట్ కోర్టు వింటుంది. సెగా, సోనీ గేమ్ కన్సోళ్ల కేసుల్లో పోటీ కంపెనీల రివర్స్ ఇంజినీరింగ్‌ని, అంటే వేరేవాళ్ల సాఫ్ట్‌వేర్‌ని విప్పి ఎలా పనిచేస్తుందో కనిపెట్టడాన్ని, సమర్థించిన కోర్టు అది. అంటే గూగుల్‌కి అనుకూలమైన గ్రౌండ్. కానీ ఒరాకిల్ మొదటి ఫిర్యాదులో కాపీరైట్‌తో పాటు ఏడు పేటెంట్లు కూడా పెట్టింది. అవి ఒక్కొక్కటే రాలిపోయాయి, మిగిలినవాటిని జ్యూరీ కొట్టేసింది. అయినా ఫిర్యాదులో పేటెంట్ ఉందంటే చాలు, అప్పీలు పేటెంట్ల కోసం పెట్టిన ఫెడరల్ సర్క్యూట్‌కి వెళ్తుంది. వెళ్లింది. 2014లో ఆ కోర్టు ఆల్సప్ తీర్పుని తిరగేసి, డిక్లరేషన్లకు కాపీరైట్ ఉంది అంది. చచ్చిపోయిన పేటెంట్లు కేసు దిశనే మార్చేశాయి.

అంటే ఏ హోటల్లో ఎవరైనా మెనూ బోర్డు మీద ఎమ్మెల్యే పెసరట్టు అని రాయాలంటే మొదటి హోటల్‌ని అడగాలి. వంట సొంతదైనా సరే.

ఇక్కడ రాజకీయం. గూగుల్ సుప్రీంకోర్టుకి వెళ్తే, కోర్టు ప్రభుత్వం అభిప్రాయం అడిగింది. 2015లో ఒబామా ప్రభుత్వం ఒరాకిల్ వైపు మాట్లాడింది. కోర్టు కేసు తీసుకోలేదు. తర్వాత గూగుల్ రెండోసారి సుప్రీంకోర్టుకి వెళ్లినప్పుడు ట్రంప్ ప్రభుత్వమూ ఒరాకిల్ వైపే. 2020 ఫిబ్రవరిలో ఒరాకిల్ వ్యవస్థాపకుడు ల్యారీ ఎల్లిసన్ ఎస్టేట్‌లో ట్రంప్‌కి విరాళాల కార్యక్రమం జరిగింది కాబట్టే ఇలా జరిగిందని కొందరంటారు. మరి ఒబామా టైములో అదే మాట ఎందుకన్నారు? కాపీరైట్ గట్టిగా ఉండాలనేది అక్కడ పార్టీలు మారినా మారని లైను, నేనైతే అలాగే చూస్తాను.

మధ్యలో 2016లో ఒక జ్యూరీ, గూగుల్ వాడకం ఫెయిర్ యూజ్ అంది. అంటే కాపీరైట్ ఉన్నదాన్నే సరైన కారణంతో, తగినంత మేరకు, అనుమతి లేకుండా వాడుకోవచ్చని. అప్పటికి ఒరాకిల్ అడుగుతున్నది సుమారు 900 కోట్ల డాలర్లు! 2018లో ఫెడరల్ సర్క్యూట్ దాన్నీ తిరగేసింది.

ఒరాకిల్ బాధ కూడా కొంచెం వినాలి, లేకపోతే అన్యాయం. ఆండ్రాయిడ్ ఉచితంగా వచ్చాక శామ్‌సంగ్ జావాకి కట్టే డబ్బు 4 కోట్ల డాలర్ల నుంచి సుమారు 10 లక్షలకు పడిపోయింది. అమెజాన్ ఆండ్రాయిడ్‌ని చూపించి బేరమాడి 97.5 శాతం డిస్కౌంట్ లాగింది. తర్వాత సుప్రీంకోర్టులో జస్టిస్ థామస్ తన అసమ్మతి తీర్పులో రాసిన లెక్కలివి. ఎదురు హోటల్ వాడు అదే పేరుతో పెసరట్టు ఫ్రీగా పంచుతుంటే పాత హోటల్ గల్లా పెట్టె ఏమవుతుంది? ఆ కోపం అర్థమవుతుంది.

కానీ... ఎస్‌క్యూఎల్! డేటాబేస్‌ని ప్రశ్నలడిగే ఆ భాష ఐబీఎం పరిశోధకులది. వాళ్ల పేపర్లు చదివి, ఐబీఎం కంటే ముందే 1979లో ఎస్‌క్యూఎల్ డేటాబేస్ మార్కెట్లో పెట్టిన కంపెనీ ఏది? ఒరాకిల్. ఇవాళ ఒరాకిల్ క్లౌడ్‌లో స్టోరేజీకి అమెజాన్ వాళ్ల ఎస్3 స్టోరేజీ సర్వీసు తరహా ఏపీఐ ఇస్తున్నది ఎవరు? వాళ్లే. వేరేవాళ్ల మెనూ పట్టుకుని పెద్దవాళ్లయి, తమ మెనూకి మాత్రం తాళం వేస్తామంటే నాకు మింగుడు పడదు.

టైమ్ అయిపోతోంది, మిగతాది గబగబా చెప్పేస్తాను.

2020 అక్టోబర్లో కోవిడ్ వల్ల సుప్రీంకోర్టు వాదనలు ఫోన్‌లో జరిగాయి. 2021 ఏప్రిల్ 5న తీర్పు, 6-2తో గూగుల్ గెలిచింది. ఎనిమిది మందే ఎందుకంటే జస్టిస్ గిన్స్‌బర్గ్ సెప్టెంబర్లో చనిపోయారు, ఆమె స్థానంలో జస్టిస్ బారెట్ వాదనల తర్వాతే వచ్చారు. తీర్పు రాసింది జస్టిస్ బ్రేయర్. వాదన కోసం కాపీరైట్ ఉందనే అనుకుందాం అని మొదలుపెట్టి, ఉన్నా ఇది ఫెయిర్ యూజే అని ముగించారు. ప్రోగ్రామర్లు నేర్చుకున్న పని కొత్త చోట పనికిరావాలంటే ఎంత కావాలో గూగుల్ అంతే తీసుకుంది అని వాళ్ల లెక్క. "అనుకుందాం" అన్న మాట గుర్తుపెట్టుకోండి. 2014 నాటి "కాపీరైట్ ఉంది" అనే తీర్పుని సుప్రీంకోర్టు ఆ పాయింటు మీద తప్పు అనలేదు. రేపు ఇంకో కంపెనీ మీద ఇలాంటి కేసు పడితే మళ్లీ ఫెయిర్ యూజ్ అని మొదటి నుంచి నిరూపించుకోవాలి. గూగుల్ అంత డబ్బుంటే పదేళ్లు లాగొచ్చు. చిన్న స్టార్టప్ అయితే నోటీసు రాగానే సెటిల్మెంట్‌కి వస్తుంది.

కోట్లిన్ ఈ కేసు వల్లే పుట్టిందా? లేదు. అది జెట్‌బ్రెయిన్స్ వాళ్లు 2011లోనే బయటపెట్టిన భాష. 2017లో గూగుల్ దాన్ని ఆండ్రాయిడ్‌కి అధికారికంగా తీసుకుంది. అంతకుముందే, కేసు నడుస్తుండగానే, ఆండ్రాయిడ్‌ని ఓపెన్ జేడీకే, అంటే జావా ఓపెన్ సోర్స్ రూపం, వైపు మార్చేసింది.

ఒరాకిల్ ఓడిపోయి ఊరుకుందా? 2023 జనవరిలో జావా సబ్‌స్క్రిప్షన్ లెక్క మార్చింది. జావా వాడేవాళ్లు ఎంతమంది అని కాదు, కంపెనీలో మొత్తం ఉద్యోగులు ఎంతమంది అని చూసి బిల్లు. చిన్న కంపెనీలకు తలకి నెలకు 15 డాలర్లు. జావా ముఖం చూడని హెచ్ఆర్ వాళ్లు కూడా ఆ లెక్కలోకి వస్తారు. అందుకే చాలా ఆఫీసుల్లో టెమురిన్, కొరెట్టో లాంటి ఉచిత జావా బిల్డులకు మారిపోతున్నారు. వీడియో అయ్యాక మీ ఆఫీస్ సర్వర్‌లో జావా వెర్షన్ కమాండ్ ఒకసారి కొట్టి చూడండి. ఒరాకిల్ పేరు కనబడితే, ఆ వెర్షన్ లైసెన్స్ ఏంటో చదివి మీ మేనేజర్‌కి చెప్పండి. ఆడిట్ మెయిల్ వచ్చాక చెబితే టెన్షన్ మీకే.