ఇరవై రూపాయల కోసం మళ్లీ తెరిచిన పుస్తకం

శ్రోతలందరికీ నమస్కారం.

మా ఇంట్లో గురజాడ అప్పారావుగారి నాటకం ‘కన్యాశుల్కం’ ప్రతి ఒకటి ఉంది. అట్ట ఎప్పుడో ఊడిపోతే మా నాన్నగారు పాత క్యాలెండరు కాగితం మైదాపిండితో అంటించి, వెన్నుకు దబ్బనంతో నాలుగు కుట్లు వేశారు. ఆ కుట్ల మూలంగా పుస్తకం ఇప్పటికీ పూర్తిగా విచ్చుకోదు. లోపలి అంచున ఉన్న అక్షరాలు చదవాలంటే బొటనవేలితో పేజీని నొక్కి పట్టుకోవాలి. ఇంతకంటే మంచి ప్రతులు బజారులో దొరుకుతున్నా, చదవాలనిపించినప్పుడల్లా నేను తీసేది దీనినే. ఇప్పటికి ఆరేడుసార్లు చదివి ఉంటాను.

ఒక్కసారి చదివితే చాలుననిపించే పుస్తకాలపై నాకు చిన్నచూపేమీ లేదు. హంతకుడెవరో తెలిసేవరకూ నిద్ర పట్టనివ్వని డిటెక్టివ్ నవలలు నేను కూడా అద్దెకు తెచ్చుకుని చదివినవాణ్ణే. అయితే కథ తెలిసిపోయాక కూడా చేయి దేని మీదికి వెళుతుందన్నదే ఈనాటి నా ప్రసంగ విషయం. మొక్కపాటి నరసింహశాస్త్రిగారి ‘బారిస్టరు పార్వతీశం’ను చాలామంది అలాగే మళ్లీ తెరుస్తారు. బడిలో చదువుకునేటప్పుడు మద్రాసులో ఆడవాళ్ల టోపీ కొనుక్కున్న మొగల్తూరు కుర్రవాణ్ణి చూసి కడుపుబ్బ నవ్వాను. మా అబ్బాయిని విమానమెక్కించి వచ్చిన వారం రోజులకు అదే పుస్తకం చదివితే, కొత్త చోట ఎవరిని ఏమడగాలో తెలియక బిక్కచచ్చిపోయే ఆ కుర్రవాడి మీద నవ్వు అంత తేలికగా రాలేదు. ఆ పుస్తకం సంగతి అంతటితో ఆపి, ‘కన్యాశుల్కం’ దగ్గరకే వస్తాను.

ఈ నాటకాన్ని తిరిగి చదివినవారిలో మొదటివాడు గురజాడ అప్పారావుగారే అని నా అభిప్రాయం. ఇది 1892లో విజయనగరంలో ప్రదర్శితమైంది, 1897లో అచ్చయింది. 1909లో ఆయన దీనిని దాదాపు కొత్త నాటకమన్నంతగా తిరగరాశారు. మనం ఇవాళ చదివే ఏడు అంకాల నాటకం ఆ రెండవ కూర్పే. మొదటి కూర్పులో మధురవాణికి ఇంత చోటు లేదు. తాను రాసి, అచ్చు వేయించి, జనం చప్పట్లు కూడా విన్న నాటకాన్ని ఆ రచయిత పన్నెండేళ్ల తరువాత మళ్లీ చేతిలోకి తీసుకుని, అందులో ఒక వేశ్యకు ఇంకా చాలా చెప్పవలసింది మిగిలి ఉందని గ్రహించాడంటే, అటువంటి పుస్తకాన్ని మనం ఒక్కసారి చదివి అలమారలో పెట్టేయడం న్యాయంగా తోచదు.

కళాశాల రోజుల్లో మా స్నేహితులందరికీ ఈ నాటకమంటే గిరీశమే. చుట్ట కాల్చడాన్ని సమర్థించే పద్యం, ‘నాతో మాట్లాడ్డమే ఒక ఎడ్యుకేషన్’ అన్న గొప్పలు, శిష్యుడు వెంకటేశాన్ని బుట్టలో వేసుకునే ఇంగ్లీషు ముక్కలు మాకు కంఠతా వచ్చేవి. గిరీశం మాట్లాడుతున్నంతసేపూ అతడు చెప్పేది అబద్ధమని మనకు తెలుసు, అయినా ఇంకా మాట్లాడితే బాగుండుననిపిస్తుంది. అప్పట్లో నేను గమనించనిదల్లా అతడు నాటకంలోకి అడుగుపెట్టే చోటు. అది విజయనగరంలోని బొంకులదిబ్బ. కోట దగ్గర నిజంగా ఉన్న స్థలమది. ఉన్న ఊరిలో ఉన్న చోటునే తీసుకుని, బొంకులతో బతికే మనిషిని తొలి దృశ్యంలోనే దాని మీద నిలబెట్టి, రచయిత పైకి ఒక్క మాట కూడా అనకుండా ఊరుకున్నాడు. ఇది నాకు మూడవసారి చదివినప్పుడు గాని తట్టలేదు. తట్టిన రోజున పక్కనున్నవారందరినీ పిలిచి చెప్పాను. వారిలో ఇద్దరు అది తమకు ముందే తెలుసునన్నారు.

పెళ్లయి, ఆడపిల్ల పుట్టిన తరువాత చదివినప్పుడు పుస్తకం బరువెక్కింది. తొలి కూర్పుకు గురజాడవారు ఇంగ్లీషులో రాసిన పీఠికలో కొన్ని లెక్కలున్నాయి. విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లలో బ్రాహ్మణ కుటుంబాలలో జరిగిన శుల్క వివాహాలను, అంటే పిల్ల తండ్రికి సొమ్ము ఇచ్చి చేసుకున్న పెళ్లిళ్లను, విజయనగరం మహారాజావారు సేకరింపజేస్తే 1,034 తేలాయి. ఆ పెళ్లికూతుళ్లలో 99 మంది ఐదేళ్ల పిల్లలు, 44 మంది నాలుగేళ్ల వారు, 36 మంది మూడేళ్ల వారు, ఆరుగురు రెండేళ్ల వారు, ముగ్గురు ఏడాది పిల్లలు. కుర్రతనంలో పీఠికలు దాటవేయడం నాకు అలవాటు కాబట్టి ఈ అంకెలు నా కంట పడనే లేదు. అవి చదివిన తరువాత, కరటకశాస్త్రి తన శిష్యుడికి ఆడవేషం వేసి ముసలి లుబ్ధావధాన్లుకు పెళ్లికూతురుగా అమ్మజూపే దృశ్యాలకు నవ్వుతూనే ఉన్నాను గాని, ఆ బేరంలో పలికే ప్రతి వంద రూపాయల వెనుకా చీర కట్టడం కూడా రాని పిల్ల ఒకతె కనబడుతూ వచ్చింది. ఇంత కుట్రా ఎవరిని కాపాడడానికి జరుగుతున్నదో, తండ్రి అదే ముసలివాడికి అమ్మదలచిన ఆ చిన్నపిల్ల సుబ్బి మాట మనకు నాటకంలో దాదాపు వినబడదు. వినబడకపోవడం లోపమని ఒకప్పుడు అనుకునేవాణ్ణి. ఇప్పుడు అనుకోవడం లేదు, ఎందుకంటే ఆ ఇంట్లో ఆమెను అడిగినవారు ఎవరున్నారు?

యాభై దాటిన తరువాత నన్ను ఆపినది చివరి అంకం. మగవేషంలో వచ్చిన మధురవాణి, వేశ్యల ముఖం చూడనని వ్రతం పట్టిన వకీలు సౌజన్యారావు పంతులు ఎదుట కూర్చుని, మాయమైన ఆ పెళ్లికూతుర్ని చంపాడన్న కేసు నుంచి లుబ్ధావధాన్లును తప్పించే సాక్ష్యానికి ప్రతిఫలంగా ఒక ముద్దు అడుగుతుంది. ఆయన తర్జనభర్జన పడి చివరకు సిద్ధపడతాడు. అప్పుడు తానే వద్దంటుంది. చెడనివారిని చెడగొట్టవద్దని తన తల్లి చెప్పిందంటుంది. ఈ ఘట్టాన్ని లోపల చదువుకుంటే ఒక తీరుగా, పైకి చదివితే మరొక తీరుగా ఉంటుంది. కిందటేడు వర్షాకాలంలో కరెంటు పోయిన ఒక రాత్రి మా ఇంట్లోవాళ్లం పాత్రలు పంచుకుని పైకి చదివాం. మా ఆవిడ మధురవాణి, నేను పంతులుగారు. నా వంతు మాటలు వచ్చేసరికి గొంతు సవరించుకోవలసి వచ్చింది. మంచివాడినన్న ధీమాతో మాట్లాడే మనిషి మాటల కింద నేల ఎలా కదులుతుందో నాలుకకు తెలిసినట్టుగా కంటికి తెలియదు. ఈ నాటకం రేడియోలో ఇంతకాలం బతకడానికి కూడా అదే కారణమై ఉంటుంది.

ఆ తరువాత గిరీశం లేవదీసుకుపోయిన సుబ్బి అక్క, బాలవితంతువు బుచ్చమ్మను పూనాలోని వితంతు శరణాలయానికి పంపే ఏర్పాటు, గిరీశానికి మందలింపు, ‘డామిట్! కథ అడ్డంగా తిరిగింది’ అన్న అతడి చిట్టచివరి మాట. ఆ మాట సామెతలాగా మన నోళ్లలో నలిగిపోయింది. అది విని నవ్వుకుంటూ పుస్తకం మూసే మనం, తెలుగు తప్ప మరొక భాష ఎరుగని బుచ్చమ్మ ఆ పూనాలో ఏమి తిని ఉంటుందో, ఎవరితో మాట్లాడి ఉంటుందో ఆలోచించం. నేనూ చాలాకాలం ఆలోచించలేదు.

ఈ మధ్య మళ్లీ మొదటి పేజీకి వచ్చాను. సంతలో సామాను కొనిపెడతానని పూటకూళ్లమ్మ దగ్గర నెల రోజుల క్రితం ఇరవై రూపాయలు పట్టుకువెళ్లి, ఆ సొమ్ము మధురవాణి కింద ఖర్చు పెట్టేశానని గిరీశం తనలో తాను చెప్పుకుంటాడు. ఆ తరువాత పూటకూళ్లమ్మ చీపురు పట్టుకుని మధురవాణి ఇంటికి వచ్చి పడడం, గిరీశం మంచం కిందికి దూరడం, దెబ్బ కాస్తా అక్కడే నక్కిన మరో విటుడు రామప్ప పంతులుకు తగలడం ఎన్నిసార్లు చదివినా నవ్వు ఆగని దృశ్యం. నవ్వు తగ్గిన తరువాత ఈసారి నేను లెక్క వేయడం మొదలుపెట్టాను. ఒంటిచేత్తో పూటకూటి ఇల్లు నడుపుకునే మనిషికి ఆ రోజుల్లో ఇరవై రూపాయలంటే ఎన్ని బస్తాల బియ్యం, ఎన్ని పూటల భోజనాలు? ఆ నెల రోజులూ ఆమె అన్నం ఎలా వండి వడ్డించింది, కోమటి దగ్గర ఏమని అప్పు చెప్పింది?

గిరీశం వెంట, మధురవాణి వెంట, సుబ్బి వెంట ఈ నాటకం చదివాను. రాబోయే సెలవుల్లో ఆ ఇరవై రూపాయల వెంట ఒకసారి చదవాలని ఉంది. క్యాలెండరు అట్ట మళ్లీ ఒక మూల లేచింది. ముందుగా మైదాపిండి ఉడికించాలి.

నమస్కారం.