పుట్టుమచ్చ మీద వెలుగు వేస్తే క్యాన్సర్ తెలుస్తుందా?

నమస్తే అండి. అమెరికాలో 2024 జనవరిలో డెర్మాసెన్సర్ అనే చిన్న పరికరానికి ఎఫ్‌డీఏ (అక్కడి మందుల, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ) అనుమతి ఇచ్చింది. అనుమానంగా ఉన్న మచ్చ మీద డాక్టర్ దాని మొన ఆనిస్తారు, వెలుగు పడుతుంది, అంతే. కోత లేదు, రక్తం లేదు. "ఇంకా పరీక్ష చేయించండి" అనో, "గమనిస్తూ ఉండండి" అనో చెబుతుంది.

ఇదెలా సాధ్యం? వెలుగంటే ఫోటాన్లు అనే అతి చిన్న వెలుగు కణికలు. చర్మంలోకి దూరిన ఫోటాన్లు కణాలకు, వాటి కేంద్రకాలకు తగిలి చెదురుతాయి. కొన్ని వెనక్కి వస్తాయి. క్యాన్సర్ కణాల్లో కేంద్రకం ఉబ్బుతుంది, ఆకారం చెడుతుంది. దాంతో ఏ రంగు వెలుగు ఎంత తిరిగొచ్చిందన్న లెక్క మారిపోతుంది. బయాప్సీ (చిన్న ముక్క తీసి చేసే పరీక్ష) ఫలితం ముందే తెలిసిన మచ్చల లెక్కలతో దాన్ని సాఫ్ట్‌వేర్ పోల్చి చూస్తుంది. బోస్టన్ యూనివర్సిటీలో ఇర్వింగ్ బిజియో అనే శాస్త్రవేత్త ఏళ్ల తరబడి పని చేసిన పద్ధతి ఇది.

"అయితే ఇది మన సి.వి. రామన్ ఎఫెక్టేగా?" అంటారేమో. కాదండి. ఇందులో చెదిరిన ఫోటాన్ శక్తి మారదు. 1928లో రామన్ పట్టుకున్నది శక్తి మారిన ఫోటాన్లను. అవి సుమారు కోటికి ఒకటి! కానీ ఆ ఒక్కటే అణువుల గుట్టు విప్పుతుంది. కెనడాలో వాంకూవర్ పరిశోధకులు చర్మ క్యాన్సర్ కోసం ఆ దారే పట్టారు.

డెర్మాసెన్సర్ దగ్గరికి మళ్లీ వద్దాం. వెయ్యిమందికి పైగా రోగుల మీద జరిగిన పరీక్షలో 100 క్యాన్సర్లలో 96 దాకా పట్టింది. బాగుంది కదా? అసలు సంగతి వినండి. ఏమీ లేని మచ్చల్లో కూడా ఐదింట నాలుగింటికి "పరీక్ష చేయించండి" అనేసింది. అంటే దీని "గమనిస్తూ ఉండండి"ని చాలావరకు నమ్మొచ్చు, "పరీక్ష చేయించండి" అన్నదాన్ని చూసి హడలిపోనక్కర్లేదు. పైగా ఇది 40 ఏళ్లు దాటినవారికే.

మనకు సంబంధించిన మాట ఇంకొకటి. మెలనోమా (చర్మ క్యాన్సర్లలో ప్రమాదకరమైన రకం) తక్కువగా వచ్చే జనాల్లో ఇది ఎలా పనిచేస్తుందో ఇంకా పరీక్షించి చూపమని ఎఫ్‌డీఏ కంపెనీకి షరతు పెట్టింది. ముదురు రంగు చర్మంలో మెలనోమా అరుదే, కానీ వస్తే ఎక్కువగా అరికాలు, అరచెయ్యి, గోటి కిందే. గాయకుడు బాబ్ మార్లేకి 1977లో కాలి బొటనవేలి గోటి కింద బయటపడింది. 1981లో 36 ఏళ్లకే పోయాడు. గోటి మీద నల్లచార వెడల్పవుతున్నా, అరికాలి మచ్చ పెరుగుతున్నా స్కిన్ డాక్టర్‌కి చూపించండి. మెషీన్ ఏం చెప్పినా, ఖరారు చేసేది మాత్రం బయాప్సీయే.