ఇచ్చిన కిడ్నీ ఎన్నేళ్లు నడుస్తుంది?

శ్రోతలకు నమస్కారం. నల్గొండలో డయాలసిస్ వార్డులో రౌండ్లకు వెళ్తే నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటుంది: "సారూ, కిడ్నీ మారిస్తే ఎన్నేండ్లు నడుస్తది?"

ఆమధ్య మర్రిగూడ వైపు నుంచి వచ్చే ఒకాయన భార్య ఇంకోటి అడిగింది. "నేనిస్త సారూ. కానీ మాది రక్తసంబంధం కాదుగదా, ఆయనకు పడుతదా?"

ఈ అనుమానం చాలామందికి ఉంది. 1954లో బోస్టన్‌లో తొలిసారి విజయవంతమైన మార్పిడి అచ్చం ఒకేలా ఉండే కవలల మధ్యే జరిగింది. పరాయి కిడ్నీని ఒళ్లు తిప్పికొట్టకుండా ఆపే మంచి మందులు అప్పట్లో లేవు. ఇప్పుడున్నాయి. అందుకే భార్య ఇచ్చిన కిడ్నీ తల్లి ఇచ్చినదానికి దాదాపు సాటిగా పనిచేస్తోంది. (ఇచ్చేవాళ్లలో ఆడవాళ్లే ఎక్కువెందుకో మగవాళ్లను అడగాలి.)

బతికున్నవారి కిడ్నీకీ, చనిపోయినవారి కిడ్నీకీ అసలు తేడా రక్తం అందని గంటల దగ్గర వస్తుంది. దాత బతికుంటే రెండు ఆపరేషన్లూ పక్కపక్క థియేటర్లలోనే. బయటికి తీసిన కిడ్నీ పాలిపోయి బూడిదరంగులో ఉంటుంది. నాళాలు కుట్టి, రక్తాన్ని ఆపిన క్లాంపు వదలగానే గులాబీరంగుకు తిరుగుతుంది. చాలాసార్లు టేబుల్ మీదే మూత్రం చిమ్ముతుంది.

బ్రెయిన్ డెడ్ అయినవారి కిడ్నీ అంతకుముందే బీపీ ఎగుడుదిగుళ్లకు నలిగి ఉంటుంది. ఆపైన మంచుపెట్టెలో గంటల ప్రయాణం. కొన్నిసార్లు అది పని మొదలుపెట్టడానికి వారం, పది రోజులు పడుతుంది. అందాకా డయాలసిస్ తప్పదు. బతికున్న దాతది సుమారు 15 నుంచి 20 ఏళ్లు, చనిపోయినవారిది 10 నుంచి 15 ఏళ్లు పనిచేస్తుందని లెక్క. ఇది సగటే. మందులు వేళకు మింగనివాళ్లకు ఏ లెక్కా వర్తించదు.

అలాగని చనిపోయినవారి కిడ్నీని చిన్నచూపు చూడకండి. ఏళ్లతరబడి మిషను మీద ఉండటంకన్నా అది ఆయుష్షు పెంచుతుంది. ఇంట్లో దాత లేకపోతే ఆస్పత్రి ద్వారా, చనిపోయినవారి అవయవాలను కేటాయించే ప్రభుత్వ పథకం జీవన్‌దాన్‌లో పేరు రాయించండి.

ఆ మర్రిగూడ అమ్మకు పరీక్షల్లో షుగరు బయటపడింది. కిడ్నీ ఇవ్వడానికి కుదరలేదు. రెండు రోజులు ఏడ్చి, మూడోరోజు పేరు రాయించింది. పిలుపు ఏ అర్ధరాత్రైనా రావచ్చు, హైదరాబాద్ చూస్తే చాలా దూరం. ఆయన మిషను మీద ఉన్న నాలుగు గంటలూ ఫోను ఆమె ఒళ్లోనే ఉంటుంది, ఛార్జర్ గోడకు గుచ్చే ఉంటుంది.