వస్తే ఏం చేస్తారు?

(రాజ్యాంగ దినోత్సవం రోజున ఒక లా కాలేజీలో విశ్రాంత బెంచి క్లర్కు ఒకరు చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీదున్న పెద్దలకు, ప్రిన్సిపాల్ గారికి, బార్ అసోసియేషన్ అధ్యక్షుల వారికి, అధ్యాపకులకు, ఇంత ఎండలో షామియానా కింద ఓపిగ్గా కూర్చున్న పిల్లలకు నమస్కారం. జడ్జి గారు ఇంకో కార్యక్రమం ఉందని లేచి వెళ్లారు. ఒకందుకు అదే మంచిదైంది. ఆయన ఎదురుగా ఉంటే పాత అలవాటు కొద్దీ నేను కాగితాలు అందిస్తానే గానీ నోరు విప్పను.

నాకిచ్చిన విషయం "హక్కులు, బాధ్యతలు". ప్రిన్సిపాల్ గారు ఫోన్ చేసి, రాజ్యాంగంలో ప్రాథమిక విధులు చెప్పే 51-ఎ అధికరణం గురించి నాలుగు ముక్కలు చెప్పండి చాలు అన్నారు. చెప్తాను. మన రాజ్యాంగం 1949 నవంబరు 26న ఆమోదం పొందినప్పుడు అందులో ప్రాథమిక హక్కులున్నాయి, ప్రాథమిక విధులు లేవు. స్వరణ్ సింగ్ కమిటీ సిఫారసు మీద, 1976లో 42వ సవరణతో పది విధులు చేర్చారు. అప్పుడు ఎమర్జెన్సీ. హక్కులన్నీ అటక మీద పెట్టి, విధులు తెచ్చి గుమ్మంలో పెట్టారన్నమాట. 2002లో 86వ సవరణతో పదకొండోది వచ్చింది, పిల్లల్ని చదివించాలని. ఈ పదకొండింటిలో ఏది తప్పినా ఇంత శిక్ష అని ఆ అధికరణంలో ఎక్కడా లేదు. మార్కులకి ఇది సరిపోతుంది, రాసుకోండి.

ఇప్పుడు నాకు కావలసింది నేను మాట్లాడతాను.

ఆ పదకొండూ మళ్లీ చదవండి. జాతీయ జెండాను గౌరవించాలని ఉంది, అడవుల్ని, నదుల్ని కాపాడాలని ఉంది, ప్రభుత్వ ఆస్తిని పాడు చేయొద్దని ఉంది. కళ్లతో చూసింది కోర్టుకొచ్చి చెప్పాలని మాత్రం లేదు. సాక్షి అనే మనిషి ఆ జాబితాలో లేడు. కానీ ఆ మనిషి రాకపోతే రాజ్యాంగంలో మిగతా పేజీలు సగం నడవవు. నా ఉద్యోగమంతా జడ్జి గారి బల్ల కింద, సాక్షి బోనుకు చెయ్యి చాస్తే అందేంత దూరంలో గడిచింది. కాబట్టి ఇది నాకు పుస్తకం చెప్పిన సంగతి కాదు.

ఒకావిడ గురించి చెప్తాను. పేరెందుకులెండి. బైపాస్ దగ్గర మొక్కజొన్న పొత్తులు కాల్చి అమ్మేది. ఒక సాయంత్రం ఆవిడ బుట్ట పక్కనే లారీ ఒక కుర్రాడి బండిని గుద్దింది. కుర్రాడు అక్కడికక్కడే పోయాడు. చుట్టూ ఉన్నవాళ్లంతా పోలీసులు వచ్చేసరికి సర్దుకున్నారు. ఈవిడకు బుట్ట, కుంపటి ఉన్నాయి, ఎక్కడికి పోతుంది? ఎస్సై వాంగ్మూలం రాసుకున్నాడు. అప్పటి ఐపీసీ 304-ఎ కేసు, అంటే నిర్లక్ష్యంతో ప్రాణం తీసిన నేరం. ఈవిడ పి.డబ్ల్యూ. 3, అంటే ప్రాసిక్యూషన్ తరఫు మూడో సాక్షి.

చాన్నాళ్లకు సమన్లు వచ్చాయి. పొద్దున్న బస్సుకే దిగింది. కోర్టు వరండాలో గోడకానుకుని కింద కూర్చుంది, బెంచీ లేదు కనక. పిలుపు మధ్యాహ్నం దాటాక వచ్చింది. డ్రైవరు తరఫు లాయరు గారు వేరే కోర్టులో ఉన్నారని జూనియరు పిటిషన్ పెట్టాడు. వాయిదా. తర్వాతసారి మేజిస్ట్రేటు గారు సెలవు. ఆ తర్వాత ప్రభుత్వం తరఫున వాదించే ఏపీపీ గారికి బదిలీ, ఇన్‌చార్జి గారు ఫైలు చూడలేదు. వచ్చిన ప్రతిసారీ ఒక రోజు బేరం పోయినట్టే. సాక్షికి ఇచ్చే బత్తా మాటకొస్తే, వోచరు మీద వేలిముద్ర వేయడానికి ఆవిడ సిద్ధమే, ఇవ్వడానికి నిధుల్లేవని మా ఆఫీసులో అనేవారు.

ఇక్కడ కాస్త ఆగండి, చట్టం చెప్పాలి. క్రిమినల్ కేసులు ఎలా నడపాలో చెప్పే పాత చట్టం సీఆర్‌పీసీ, దాని 309వ సెక్షను ఏం చెప్పింది? సాక్షి వచ్చి కూర్చుని ఉంటే విచారించకుండా వాయిదా వేయకూడదు, వేస్తే ప్రత్యేక కారణం రాయాలి. లాయరు వేరే కోర్టులో ఉన్నాడన్నది కారణం కాదని కూడా తర్వాత చేర్చారు. వాయిదా అడిగినవాడితో ఖర్చులు కట్టించవచ్చు. దాని స్థానంలో 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టం బీఎన్ఎస్ఎస్‌లో ఇది 346వ సెక్షను. చేయి దాటిన పరిస్థితుల్లో కూడా రెండు వాయిదాలకు మించొద్దని అందులో రాశారు. చదవడానికి ఎంత ముచ్చటగా ఉందో చూడండి. అధ్యక్షుల వారూ, మీరు నవ్వుతున్నారు. నాకూ నవ్వే వస్తోంది.

సరే, ఆవిడ సంగతి. ఒకసారి పిలుపు అయ్యి, మళ్లీ వాయిదా అని చెప్పగానే ఆవిడ బయటికి పోకుండా నా బల్ల దగ్గరికొచ్చింది. "అయ్యా, నేను రాకపోతే ఏం చేస్తారు?" అంది. వారెంటు వేస్తారమ్మా, పోలీసులొచ్చి తీసుకొస్తారు అన్నాను. "మరి వస్తే ఏం చేస్తారు?" అంది.

పిల్లలూ, మీరు రేపు హక్కుల మీద, బాధ్యతల మీద ఎన్ని సెమినార్లకైనా వెళ్లండి. ఆవిడ అడిగిందానికి ఏ సెమినారులోనైనా జవాబు దొరికితే నాకో ఫోన్ కొట్టండి. అటెండరు "పదమ్మా, పద" అని ఆవిణ్ణి బయటికి తోశాడు.

ఇదేదో ఒక ఊరి కోర్టు సంగతి అనుకోకండి. 2000లో స్వరణ్ సింగ్ వర్సెస్ పంజాబ్ రాష్ట్రం కేసులో సుప్రీంకోర్టు అచ్చంగా ఇదే రాసింది. (ఈ స్వరణ్ సింగ్ వేరు, ఆ కమిటీ స్వరణ్ సింగ్ వేరు. పరీక్షలో కలిపేయకండి.) సాక్షి ఎక్కడెక్కడి నుంచో వస్తాడు, కేసు వాయిదా పడుతుంది, విసిగి మానుకునేదాకా వాయిదాలు వేయించడం ఒక ఫ్యాషనైంది, బంట్రోతు అతన్ని హాల్లోంచి నెట్టేస్తాడు, కూర్చోవడానికి చోటు లేదు, తాగడానికి గ్లాసుడు నీళ్లు లేవు అని. ఢిల్లీలో కూర్చున్న న్యాయమూర్తులకు మా వరండా ఎలా కనిపించిందా అని ఆశ్చర్యపోయాను.

ఇంకోమాట. ముద్దాయికి హక్కులెక్కువయ్యాయి, అందుకే ఇలా తగలడింది అనేవాళ్లు టీ కొట్టు దగ్గర బోలెడుమంది ఉంటారు. నేను ఆ బాపతు కాదు. తన మీద తాను సాక్ష్యం చెప్పనక్కర్లేదని రాజ్యాంగంలో 20(3) అధికరణం చెప్తుంది, లాయరును పెట్టుకునే హక్కు 22వ అధికరణం ఇస్తుంది. అవి ఉండాల్సిందే. సాక్షి రాకపోతే మొదట నలిగేది కూడా చాలాసార్లు ఆ ముద్దాయే. 1979లో హుస్సేనారా ఖాతూన్ కేసులో బీహారు జైళ్ల సంగతి బయటపడింది. నేరం రుజువైతే పడే శిక్ష కన్నా ఎక్కువ కాలం విచారణ లేకుండా లోపలే ఉన్నవాళ్లు దొరికారు. సత్వర విచారణ, ప్రాణానికి, స్వేచ్ఛకు రక్షణ ఇచ్చే 21వ అధికరణంలో భాగమని కోర్టు అప్పుడే చెప్పింది. ఆ హక్కు నడిచేది ఎవరి కాళ్ల మీద? పనులు మానుకుని బస్సెక్కి వచ్చే పొత్తులమ్మ కాళ్ల మీద. లోపలున్న వాడి హక్కు, బయటున్న ఈవిడ బాధ్యత ఒకే బస్సులో వస్తాయి. టిక్కెట్టు మాత్రం ఈవిడే కొనుక్కోవాలి.

చుండూరు మీకు తెలిసే ఉంటుంది, తెలియకపోతే ఇవాళే తెలుసుకోండి. 1991 ఆగస్టు 6న ఎనిమిదిమంది దళితుల్ని చంపిన ఊరు. బాధితులు పట్టుబట్టి ప్రత్యేక కోర్టును ఆ ఊళ్లోనే పెట్టించుకున్నారు. 2007లో కింది కోర్టు శిక్షలు వేసింది, 2014లో హైకోర్టు అందరినీ విడిచిపెట్టింది. ఆ తీర్పుల మీద మాట్లాడటానికి నేను చాలను. కోర్టే సాక్షుల ఊరికి నడిచి వచ్చిందే, అది మాత్రం మీరు గుర్తుపెట్టుకోవాలని నా కోరిక. చేయాలనుకుంటే చేయొచ్చు.

ఇప్పుడు మిమ్మల్ని ఒకటి అడుగుతాను. రోడ్డు మీద యాక్సిడెంటు చూసి ఫోను తీసి వీడియో తీసినవాళ్లు చేతులెత్తండి. పర్లేదు, నేనేం సమన్లివ్వను. ఒకటి, రెండు... ఆ వెనక అబ్బాయి సగం ఎత్తి దించేశాడు. మంచిది. ఆ వీడియో తీసుకెళ్లి స్టేషన్లో ఇచ్చినవాళ్లు? చూశారా.

మిమ్మల్ని తిట్టడం లేదు. చూసినవాడికి భయం ఎందుకో నాకన్నా తెలిసినవాడెవడు? అందుకే చట్టం మెల్లగా దిగొచ్చింది. దెబ్బతిన్నవాణ్ణి ఆసుపత్రికి చేర్చినవాణ్ణి వేధించొద్దని 2016లో సుప్రీంకోర్టు మార్గదర్శకాలకు ఆమోదం ఇచ్చింది. 2019లో మోటారు వాహనాల చట్టంలో 134-ఎ చేర్చారు. ఆసుపత్రిలో దించి, పేరు చెప్పకుండా వెళ్లిపోవచ్చు. ఆడవాళ్లను, అరవై దాటినవాళ్లను సాక్ష్యం కోసం స్టేషనుకు పిలవకూడదు, పోలీసులే ఇంటికి రావాలి. ఇది బీఎన్ఎస్ఎస్ 179. పాత చట్టంలో అరవై అయిదు ఉండేది. బెదిరింపులుంటే రక్షణ అడగొచ్చు. 2018లో మహేందర్ చావ్లా కేసులో సాక్షుల రక్షణ పథకానికి సుప్రీంకోర్టు ఆమోదముద్ర వేసింది. ఇవన్నీ మీ అమ్మకి, మీ నాన్నకి, మీ వీధి కొట్టువాడికి తెలియాలి. చదువుకుంటున్నది మీరు, చెప్పాల్సిందీ మీరే.

ఆవిడ చివరికి బోనెక్కింది, మధ్యలో వదిలేశాననుకున్నారా. డ్రైవరు లాయరు గారు క్రాస్ ఎగ్జామినేషన్‌లో అడిగారు, ఎన్ని అడుగుల దూరం నుంచి చూశావని. "అడుగులు నాకు తెలీదు బాబూ, వాడి చెప్పు వచ్చి నా కుంపట్లో పడింది" అంది. ఇంకేమీ అడగలేదాయన. ఆవిడ వేలిముద్ర వేసి వెళ్లిపోయింది. ఆ తర్వాత కేసు ఏమైందో ఆవిడకు ఎవరూ చెప్పలేదు. తీర్పు కాపీ ముద్దాయికి ఇస్తాం, ప్రభుత్వ లాయరు పీపీ గారికి ఇస్తాం. సాక్షికి ఒక కార్డు ముక్క రాసే ఆనవాయితీ నేను పనిచేసిన ఏ కోర్టులోనూ చూడలేదు.

టైమైపోయిందని చీటీ పంపారు. కాఫీలు కూడా వచ్చినట్టున్నాయి. ఒక్క నిమిషం.

అధ్యక్షుల వారూ, మీరు ఇక్కడే దొరికారు కాబట్టి పిల్లలందరి ముందు అడుగుతున్నాను. మీ బార్ హాల్లో కొత్తగా ఏసీ పెట్టించుకున్నారు, సంతోషం. వరండాలో సాక్షుల కోసం నాలుగు బెంచీలు, ఒక ఫ్యాను, ఒక మంచినీళ్ల డ్రమ్ము ఎంతవుతుంది? పిల్లలు చందా వేస్తామంటే నా పెన్షన్‌లోంచి మొదటి బెంచీ నాది. జడ్జి గారి అనుమతి కాగితం నేను రాసి తెస్తాను, ఆ డ్రాఫ్టింగు నాకు బాగా వచ్చు. వచ్చే సోమవారం వాయిదాల రోజే కదా, పొద్దున్నే పదింటికి వరండాలో ఉంటాను. మీరూ రండి, కొలతలు తీసుకుందాం. నమస్కారం.